“ముక్కు కట్టేసినారు” అనే మాట వెనక ఉన్న వేటకుక్కల చరిత్ర

పోస్టు పెద్దదే. రెండు మూడు విడతల్లో చదివినా పర్లేదు గానీ మధ్యలో వదిలెయ్యకండి.

మేము విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఏజెన్సీ పిల్లలం. మా గదిలో నలుగురం ఉంటాం, నాలుగు మండలాల వాళ్ళం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకరోజు రాత్రి కరెంటు పోతే ఊళ్ళ కబుర్లు మొదలయ్యాయి. అట్నుంచి కుక్కల మీదకి పోయాయి. అప్పుడు ఒక సంగతి తెలిసింది. నాలుగు ఊళ్ళల్లోనూ వేటకుక్క వాసన పట్టడం మానేస్తే పెద్దోళ్ళు రెండు రకాలుగా అంటారు. కుక్క ముసలిదైతే “దీనికి ముక్కు సచ్చిపోనాది” అంటారు. వయసులో ఉన్న కుక్క అయితే “దీని ముక్కు కట్టేసినారు” అంటారు.

ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. చచ్చిపోయింది అంటే అదే పోయింది, ఎవరినీ అనడానికి లేదు. కట్టేసినారు అంటే కట్టినోళ్ళు ఎవరో ఉండాలి. ఎవరు? పక్కింటి ముసలమ్మా? పోయిన ఏడాది పోడు దగ్గర గొడవపడిన బావా? మా నలుగురిలో ఒకడి ఊళ్ళో ఇలా ఒక కుక్క పేరు చెప్పుకుని రెండు ఇళ్ళు రెండేళ్ళు మాట్లాడుకోలేదు. అక్కడితో ఆగింది కాబట్టి సరిపోయింది. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన ఏజెన్సీ నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి కదా. అందుకే ఈ విషయం చిన్నదిగా అనిపించలేదు మాకు. కుక్క ముక్కు అసలు ఎందుకు పోతుంది, ఆ సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసింది, మన దాకా ఎందుకు రాలేదు అని లైబ్రరీలోనూ ఫోన్లోనూ చాలా వెతికాం. దొరికింది రాస్తున్నాం.

ముందు ముక్కు గురించి కొంచెం. వాసన పట్టే కణాలు మనిషి ముక్కులో 50 లక్షల దాకా ఉంటాయంటారు. కుక్కలో జాతిని బట్టి 20 కోట్లకు పైనే. ఆ కణాలు ముక్కు లోపల బాగా పైన ఒక తడి పొర మీద ఉంటాయి. గాలి అక్కడిదాకా వెళ్ళాలంటే కుక్క నోరు మూసుకుని చిన్న చిన్నగా, గబగబా పీల్చాలి. రొప్పుతున్న కుక్క ఆ పని సరిగ్గా చెయ్యలేదు. నోరు తెరిచి ఒళ్ళు చల్లబరుచుకోవడానికే దాని ఊపిరి అంతా సరిపోతుంది. 2003లో ఇజ్రాయెల్ పరిశోధకులు పేలుడు పదార్థాలు వెతికే కుక్కల మీద చూసి ఇదే రాశారు. రొప్పు పెరిగేకొద్దీ వెతికే పని తగ్గిపోయింది. ఇది మన తాతలకి కొత్త కాదు. తెల్లారుజామున మంచు ఆరకముందే కుక్కల్ని వదలాలి, ఎండెక్కితే లాభం లేదు అని వాళ్ళు అనేది ఇందుకే. గ్రీకు దేశంలో జెనోఫోన్ అనే ఆయన రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందట వేటకుక్కల మీద ఒక పుస్తకమే రాశాడు. అందులో మంచు, గడ్డకట్టే చలి, వాన, వాసన నిలవడం గురించి చాలా ఉంది. అడవిపంది వేటకి పనికొచ్చే కుక్కల్లో భారతదేశం కుక్కల పేరు కూడా చెప్పాడు. అది చదివి మా గదిలో కాసేపు గోల.

అంటే కుక్క ముక్కు పనిచెయ్యడం మానేయడానికి ముక్కులోనే జబ్బు ఉండనక్కర్లేదు. కుక్కని తొందరగా రొప్పించే జబ్బు ఏదైనా చాలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇప్పుడు 1910కి వెళ్దాం. అప్పుడు మన విశాఖపట్నం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసులో తెల్ల దొరలకి ‘మద్రాస్ హంట్’ అని ఒక వేట సంఘం ఉండేది. వాళ్ళ దేశంలో గుర్రాలెక్కి, కుక్కల గుంపుని వదిలి నక్కని తరమడం పెద్దింటి సరదా. ఇక్కడ ఆ సరదా తీరడానికి గుంటనక్కల్ని తరిమేవాళ్ళు. దానికి ఇంగ్లండు నుంచి ఫాక్స్‌హౌండ్లని ఓడల్లో తెప్పించుకునేవాళ్ళు. ఆ కుక్కలు ఇక్కడికొచ్చాక జ్వరాలతో నీరసించి పడిపోయేవి. డబ్ల్యూ.ఎస్. పాటన్ అనే సైనిక వైద్యుడు వాటి రక్తం తీసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఎర్ర రక్తకణాల లోపల దూరి కూర్చున్న చిన్న పురుగు ఒకటి కనిపించింది. దానికి ‘పైరోప్లాస్మా గిబ్సోని’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని ‘బాబేసియా గిబ్సోని’ అంటుంది. జపాన్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో కుక్క డాక్టర్లు వాడే ఆ పేరు మొదట పుట్టింది మద్రాసు వేటకుక్కల రక్తంలోంచి.

ఇంకో విచిత్రం ఉంది. ఆ కుక్కలు తరిమే గుంటనక్కల రక్తం కూడా పాటన్ చూశాడు. వాటిలోనూ అదే పురుగు. తరిమేదానికీ పారిపోయేదానికీ ఒకటే జబ్బు. దాన్ని ఒకదాని నుంచి ఒకదానికి మోసేది గోమారి. కొన్ని ఊళ్ళల్లో పిడుదు అంటారు. పశువుల చెవుల్లో, కుక్క మెడ మీద, కాలివేళ్ళ సందుల్లో రక్తం తాగి ఉబ్బి ఉంటుంది చూడండి, అదే.

ఈ పురుగు పట్టిన కుక్కలో ఏం జరుగుతుందంటే ఎర్ర కణాలు పగిలిపోతాయి, రక్తం పలచబడుతుంది, చిగుళ్ళు తెల్లబారతాయి. రక్తం లేని కుక్క నాలుగు అడుగులు పరిగెడితే రొప్పుతుంది. పైన చెప్పింది గుర్తుందా? రొప్పే కుక్క వాసన పట్టలేదు. కొత్తగా వచ్చిన కుక్కలు దీనికి తొందరగా పడిపోతాయి. మన ఊరి కుక్కలు చాలాసార్లు చావవు, జబ్బుని లోపలే పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరుగుతాయి. పైకి బాగానే ఉంటాయి. తింటాయి, మొరుగుతాయి, పొద్దున్న బాగా నడుస్తాయి. కొండ ఎక్కేసరికి కూర్చుండిపోతాయి. “నిన్నటిదాకా బాగానే ఉంది, ఎవరో చేసినారు” అనే మాట ఇలాంటి కుక్క దగ్గరే పుడుతుంది అని మా అనుమానం.

రెండో జబ్బు ఇంకా పాతది, ఇంకా చెడ్డది. డిస్టెంపర్. దీని చరిత్రలో మనకి బడిలో పరిచయమైన మనిషి ఒకాయన ఉన్నాడు. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్. ఆయన ఊరు బర్క్‌లీ. ఆ ఊరి ప్రభువు ఫాక్స్‌హౌండ్ల కొట్టాల్లో కుక్కలు వరసగా చచ్చిపోతుంటే ఆయన చూసి, 1809లో డిస్టెంపర్ మీద వ్యాసం అచ్చు వేయించాడు. ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే జబ్బు అని తేల్చాడు. 1905లో ఫ్రాన్సులో హెన్రీ కారే అనే ఆయన ఇది వైరస్ పని అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1923లో ఇంగ్లండులో ‘ది ఫీల్డ్’ అనే వేట పత్రిక చందాలు పోగుచేయడం మొదలుపెట్టింది. వేట సంఘాల వాళ్ళు డబ్బులిచ్చారు. ఆ డబ్బుతో లైడ్లా, డంకిన్ అనే ఇద్దరు పరిశోధన చేసి, వైరస్ సంగతి రుజువు చేసి, 1920ల చివరికల్లా టీకా తెచ్చారు. దాన్ని ఫాక్స్‌హౌండ్ల మీదే పరీక్షించారు. ఆ పనిలో వాళ్ళు ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువుని వాడారు. 1933లో మనుషుల ఫ్లూ వైరస్‌ని పట్టుకుంది కూడా అదే ఫెరెట్ల సాయంతో, ఆ లైడ్లా ఉన్న బృందమే. (మన విశాఖ పోర్టు తెరిచింది కూడా 1933లోనే. సంబంధం ఏం లేదు, మాకు తేదీలు గుర్తుండడానికి ఇలా కలుపుకుంటాం.)

డిస్టెంపర్ వచ్చిన కుక్కకి ముక్కు, కళ్ళ నుంచి చీము కారుతుంది, జ్వరం, విరేచనాలు. కొన్నిటికి ముక్కు చర్మం, పాదాల కింద మెత్తలు పెచ్చులుగా గట్టిపడతాయి. వైరస్ ముక్కు లోపలి పొరనీ, మెదడునీ రెండిటినీ పట్టుకుంటుంది. బతికి బయటపడ్డ కుక్క ఒక్కోసారి వాసన పోగొట్టుకునే బతుకుతుంది. కొన్నిటికి తల ఊగడం, దవడ కొట్టుకోవడం, మూర్ఛలు వస్తాయి. ఊళ్ళో దాన్ని చూసి పిచ్చికుక్క అని కర్రలతో కొట్టి చంపేస్తారు. అలా చంపడం చిన్నప్పుడు మేమూ చూశాం. అది రేబిసో డిస్టెంపరో అక్కడ చెప్పేవాళ్ళు లేరు. రేబిస్ భయం ఉత్తిది కాదు కాబట్టి మనవాళ్ళని తప్పు పట్టలేం. అలాంటి కుక్కకి ఎవరూ దగ్గరకి వెళ్ళకూడదు, అది మాత్రం ఖాయం. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో బాగా కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

డిస్టెంపర్ అంత పెద్దది కాని జలుబు కూడా ముక్కు తీసేస్తుంది. కుక్కలకి వచ్చే పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ మీద 1988లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. పైకి పెద్ద జబ్బు కనిపించకపోయినా ఆ కుక్కల వాసన శక్తి పడిపోయింది. కరోనా టైంలో మనలో చాలామందికి పచ్చడి వాసన కూడా తెలియలేదు కదా, ఆ అనుభవం ఉన్నవాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు మన ముక్కు ఎవరు కట్టారు?

మూడోది ఎర్లిఖియోసిస్. ఇది కూడా గోమారి మోసుకొచ్చేదే. 1935లో అల్జీరియాలో దొనాసియాన్, లెస్తోకార్ అనే ఫ్రెంచివాళ్ళు దీన్ని గుర్తించారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం అడవుల్లో మనుషుల జాడ పట్టడానికి కుక్కల్ని తీసుకెళ్ళింది. 1968 నుంచి రెండు మూడేళ్ళలో వందల కుక్కలు ఈ జబ్బుతో చచ్చిపోయాయి. అప్పుడు ప్రపంచం లేచి కూర్చుంది. దీని ముఖ్యమైన గుర్తు ముక్కులోంచి రక్తం. రక్తం గడ్డకట్టించే కణాలు తగ్గిపోతాయి, ముక్కు లోపల సన్నని నాళాలు ఊరికే కారతాయి. రక్తం, చీము నిండిన ముక్కుకి ఏ వాసన తెలుస్తుంది? మన ఊళ్ళల్లో ముక్కున రక్తం కారే కుక్కని చూస్తే ముందు అనేది “ఏదో తొక్కింది” అనే. దీనికి డాక్సీసైక్లిన్ అనే మందు ఉంది. సుమారు నాలుగు వారాలు, పశువుల డాక్టరు చెప్పిన లెక్కలో వెయ్యాలి. నాలుగు రోజులు వేసి కుక్క లేచింది కదా అని ఆపేస్తే జబ్బు లోపలే ఉండిపోతుంది.

ఇవి కాక చిన్నవి ఉన్నాయి. ముక్కులో గడ్డిముల్లు దిగబడితే కుక్క ఒక పక్కనే తుమ్ముతూ, కాలితో గోక్కుంటూ ఉంటుంది. పై కోరపన్ను విరిగి చీముపడితే అది ముక్కులోకి దారి చేసుకుంటుంది. వీటి గురించి మన వేటగాళ్ళకి మాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు మా అసలు బాధ చెప్తాం. పాటన్ మద్రాసు కుక్కల రక్తం చూడడానికి సరిగ్గా ఒక ఏడాది ముందు, 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతం కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులో మన కొండల చైత్రం వేట ఉంది. మగవాళ్ళు వేటకి పోవడం, వట్టి చేతుల్తో వస్తే ఆడవాళ్ళు పేడ కొట్టడం, అంతా ఉంది. మనం ఇటుకల పండగ అని చేసేదే అది. ఇప్పటికీ పేడనీళ్ళు పడతాయి! కానీ ఆ వేటకి ముందు నడిచిన కుక్కలకి ఏ జబ్బు వచ్చింది, ఎలా చచ్చాయి అన్న మాట మేము చదివిన పేజీల్లో ఎక్కడా కనబడలేదు. అదే ప్రెసిడెన్సీ, అవే గోమార్లు, అదే కాలం. దొర కుక్కకి జ్వరం వస్తే రక్తం సీసాలోకి ఎక్కింది, పత్రికలో అచ్చయింది. మన కుక్కకి వస్తే ఒక ముసలమ్మ మీద అనుమానం అయింది. తేడా బుర్రలో లేదు, సూక్ష్మదర్శిని ఎవరింటి ముందు పెట్టారన్న దగ్గరే ఉంది. ఇంగ్లండులో కూడా జెన్నర్‌కి ముందు కుక్కల జబ్బులకి మంత్రాలూ తాయెత్తులూ నడిచినవే.

మనవాళ్ళు కుక్కని పట్టించుకోలేదని ఎవరైనా అంటే ఒప్పుకోం. ఈక్వడార్ అడవుల్లో షువార్, కిచువా అనే ఆదివాసులు కుక్క ముక్కు పదునెక్కడానికి ఆకుల పసర్లు తాగిస్తారు, ముక్కులో కూడా వేస్తారు. దానిమీద పరిశోధనా వ్యాసాలే ఉన్నాయి. మన దగ్గర కూడా ఏ ఆకు, ఏ వేరు అన్నది పెద్దల నోట్లో ఉంది, కాగితం మీద లేదు. వాటిలో పనిచేసేవి ఉండొచ్చు, హాని చేసేవీ ఉండొచ్చు. గోమార్లకి పొగాకు నీళ్ళు రాస్తారు. పురుగు చస్తుంది నిజమే, కానీ కుక్క ఆ ఒంటినే నాకుతుంది, పొగాకు దానికీ విషమే. పట్టకారుతో ఒక్కొక్కటీ తీసెయ్యడం మంచిది. చిదమొద్దు.

కుక్కకి గుర్తింపు దొరికిన చోటు మన పక్క రాష్ట్రంలో ఉంది. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరు అనే ఊళ్ళో 950 ప్రాంతంలో ఒక వీరగల్లు వేశారు. తక్కోలం యుద్ధంలో గెలిచిన మణలేరుడు అనే వీరుడు బహుమానంగా ఏం కావాలంటే రాజు దగ్గరున్న ‘కాళి’ అనే వేటకుక్కని అడిగాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి, తనూ చచ్చింది. దానికి రాయి నిలబెట్టి, పూజకి భూమి ఇచ్చారు. వెయ్యేళ్ళ కిందట చచ్చిన కుక్క పేరు మనకి తెలుసు. మా తాతల కుక్కల పేర్లు మా అయ్యలకే సగం గుర్తులేవు.

ఇదంతా చదివి వేటకి పొమ్మంటున్నాం అనుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణ తర్వాత వేట నేరం. ఆ చట్టంలో వేట అంటే ఏంటో చెప్పే చోట తరమడం కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మనకి సంప్రదాయ హక్కులు చాలా ఇచ్చింది, వేట హక్కుని మాత్రం పేరుపెట్టి పక్కన పెట్టింది. దానిమీద మా గదిలోనే రెండు అభిప్రాయాలున్నాయి, అది ఇంకో పోస్టు. కానీ కుక్క ముక్కు అవసరం తీరలేదు. రాత్రి పొలంలోకి పంది దిగిందని, ఎలుగు తోటలోకి వచ్చిందని ముందు చెప్పేది అదే. మేకల వెనక పోయేదీ అదే. దానికి టీకా వేయిస్తే అడవికీ మేలు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాలు చచ్చిపోయినప్పుడు డిస్టెంపర్ వైరస్ బయటపడింది. మన కొండల్లో మిగిలిన రేసుకుక్కలకి ఆ వైరస్ అంటితే ఏమవుతుందో ఆలోచించండి.

ఈ ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి. పోర్టుకీ స్టీల్‌ప్లాంటుకీ కాపలా కాసేది సి.ఐ.ఎస్.ఎఫ్. ఆ దళానికీ, రైల్వే రక్షణ దళానికీ కూడా వాసన పట్టే కుక్కలున్నాయి. పాడేరు బస్సు దిగినా, అరకు రైలు దిగినా మన బ్యాగుల వైపు చూసే చూపు ఎలా ఉంటుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. గంజాయి ఎవడో పండిస్తాడు, ఎవడో అమ్ముతాడు, మన బ్యాగు తెరుస్తారు. కుక్క మీద మాత్రం కోపం రాదు మాకు. అది నిజం తప్ప ఇంకోటి చెప్పదు, బ్యాగులో ఉన్నది రాగిపిండి అయితే తోక ఊపి పోతుంది. అలాంటి కుక్కకి డాక్టరుంటాడు, టీకా కార్డుంటుంది. విరేచనాలకి మనం వేసుకునే మెట్రోనిడజోల్ మాత్ర కొన్ని కుక్కల వాసన శక్తిని తగ్గిస్తుందని 2016లో అమెరికాలో పేలుడు పదార్థాలు వెతికే కుక్కల మీద పరీక్షించి చెప్పారు. అదే పరీక్షలో డాక్సీసైక్లిన్‌తో ఆ తేడా కనబడలేదు. మన ఊళ్ళో కుక్కకి కడుపు పాడైతే ఇంట్లో మిగిలిన ఆ మాత్రే విరిచి అన్నంలో కలిపేస్తాం కదా.

ఇంకో మాట. 1989లో మన అడవుల్లోకి పంపడానికి ప్రభుత్వం పెట్టిన పోలీసు దళం పేరు గ్రేహౌండ్స్. గ్రేహౌండ్ అసలు వాసన పట్టే కుక్క కాదు, కంటితో చూసి తరిమే కుక్క. పేరు పెట్టినవాళ్ళకి ఆ తేడా తెలుసో లేదో!

ఈసారి ఇటుకలకి ఊరెళ్ళినప్పుడు మేము నలుగురం చెయ్యాలనుకున్నవి ఇవి. ముక్కు పోయిందన్న కుక్క కనిపిస్తే ముందు చిగుళ్ళు చూడాలి, తెల్లగా ఉన్నాయా అని. చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు చూడాలి. ముక్కున రక్తమా, చీమా, ఒక పక్కనా రెండు పక్కలా చూడాలి. పిల్లగా ఉన్నప్పుడు పెద్ద జబ్బు చేసిందా అని అడగాలి. అవి రాసుకుని, ఫోటో తీసి, మండలం పశువుల ఆసుపత్రికి కుక్కనే తీసుకెళ్ళాలి. జులై 6న రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, ఆ రోజు ఊరి కుక్కలన్నిటినీ తోలుకెళ్ళొచ్చు. డిస్టెంపర్ టీకా వేరే కొనాలి, నలుగురు పంచుకుంటే భారం కాదు. దాంతోపాటు పెద్దోళ్ళ దగ్గర ఆ కుక్క పేరు, దాని తల్లి పేరు, అది పట్టిన జాడల కథ కూడా రాసుకుంటాం. మీ ఊళ్ళో ముక్కు పోయిన కుక్కని ఏమంటారో, మీ భాషలో ఆ మాట ఏంటో కూడా చెప్పండి. గదబ, కోదు, పోర్జ, కొటియా మాటలు మాకు ఇంకా ఒక్కటీ దొరకలేదు.